అడగండి చెప్తా: ఈసారంతా మాహూర్ కోటే

పోయిన నెల మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మాహూర్‌లో రేణుకామాత దర్శనం గురించి రాస్తూ చివర్లో "పక్క గుట్ట మీద నల్లగా ఒక గోడ కనబడుతది, అది కోట, దాని ముచ్చట ఇంకోసారి" అని ఊరికే ఒక మాట అన్నా. ఇంక చూస్కోండి, కిన్వట్ నుంచి, ఇస్లాపూర్ నుంచి, భోకర్, ధర్మాబాద్, అటు బల్లార్‌షా దాకా ఉత్తరాలే ఉత్తరాలు, ఫోన్‌లో మెసేజులు వేరే. షుగర్ డైట్ గురించి వచ్చినవి, పిల్లల చదువు గురించి వచ్చినవి అన్నీ పక్కన పెట్టేశా, వాళ్ళు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల వాళ్ళదే. ఈ నెల మాత్రం కోట.

ప్రశ్న: సార్ నమస్తే. మేము ప్రతి ఏడాది నవరాత్రుల్లో మాహూర్ పోతాం. ఈసారి మా చిన్నోడు, ఏడో తరగతి, గుడి మెట్లు దిగుతుంటే "అమ్మా ఆ కోట ఎవరు కట్టారు" అని అడిగాడు. నాకు తెలీదు అన్నా. మా ఆయన గోండు రాజులు అన్నాడు, మా మరిది నిజాం అన్నాడు, పక్కన కొబ్బరికాయలు అమ్మేటామె పాండవులు అన్నది. ఎవరిది కరెక్ట్?
(కిన్వట్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ముగ్గురిలో కొబ్బరికాయలామె ఒక్కతే పూర్తిగా తప్పు, అది కూడా ఎందుకు అన్నదో తెలుసు, మాహూర్‌లో పాండవలేణి అని గుహలు ఉన్నయి కదా, రాష్ట్రకూటుల కాలం నాటివి, రాతిలో తొలిచినవి. మన దగ్గర పాత రాయి కనబడితే పాండవులు, పెద్ద అడుగు గుర్తు కనబడితే భీముడు. ఆ అలవాటే.

ఇంక కోట. "ఎవరు కట్టారు" అనే ప్రశ్నే కొంచెం తేడా. ఇల్లయితే ఒక తాత కట్టిస్తాడు, ఒక మనవడు పైన రేకులేస్తాడు, ఇంకొకడు వెనక బాత్రూం కడతాడు, అయినా తాత ఇల్లే అంటాం. కోటకి అలా కుదరదు. మాహూర్ గుట్టలు దేవగిరి యాదవుల రాజ్యంలో ఉండేవి, ఆ తర్వాత గోండు దొరల చేతుల్లో ఉండేవి, తర్వాత బహమనీలు, బేరార్ (అంటే ఇప్పటి విదర్భ వైపు) ఇమాద్‌షాహీలు, అహ్మద్‌నగర్ నిజాంషాహీలు, మొఘలులు, చివర్లో మన హైదరాబాద్ నిజాం. వచ్చినోడల్లా పడిపోయింది ఎత్తికట్టి, తనకి కావాల్సింది తగిలించి పోయాడు. మీ చిన్నోడికి ఒక కిటుకు చెప్పండి. దర్వాజ మీద కమాను ఎట్లుందో చూడమనండి. పైన కొస దేలి, రెండు చేతులు జోడించినట్టు ఉంటే అది సుల్తానుల కాలపు పని. కమాను లేకుండా రెండు నిలువు రాళ్ళ మీద ఒక అడ్డరాయి పడేసి ఉంటే అది అంతకుముందు పద్ధతి. ఇప్పుడు మనకి నిలబడి కనబడేదాంట్లో ఎక్కువ భాగం ఆ కొసదేలిన కమానుల కాలంది.

కోట ఒక గుట్ట మీద లేదు, పక్కపక్కనే ఉన్న రెండు గుట్టల మీద ఉంది, రెండింటినీ కలిపి గోడ తిప్పారు. తూర్పున, పడమట గుట్ట నిట్టనిలువుగా తెగిపోయి ఉంటుంది, అటు నుంచి మేక కూడా ఎక్కదు, కాబట్టి ఆ వైపులకి పెద్ద ఖర్చు పెట్టలేదు. దారి ఉన్నది ఉత్తరాన, దక్షిణాన, అక్కడే దర్వాజలు. ఉత్తరం దర్వాజ ఇంకా బాగానే ఉంది. లోపల మహల్ ఉంది, మసీదు ఉంది, ధాన్యం కొట్టు, ఆయుధాల కొట్టు, అన్నీ కూలిపోయినవే. రెండు గుట్టల నడుమ పల్లంలో పెద్ద చెరువు, ఇజాళా తలావ్ అంటారు. నన్నడిగితే కోట అంటే గోడ కాదు, ఆ చెరువే కోట. ఎందుకంటే కింద శత్రువు ఆర్నెల్లు గుడారాలేసుకుని కూర్చున్నా పైన నాలుగు వందలమంది బతకాలంటే తిండి ముందే దాచుకోవచ్చు గానీ నీళ్ళు దాచుకునేది ఎక్కడ, బావి తవ్వుదామంటే నల్లరాయి, అందుకే వానాకాలంలో రెండు గుట్టల మీద పడ్డ నీళ్ళన్నీ కాలవలు తీసి ఆ పల్లంలోకి దింపారు. రెండు గుట్టల్ని కలిపి కట్టడానికి అదొక పెద్ద కారణం అని నా లెక్క, మధ్యలో నీళ్ళు దొరుకుతయి కాబట్టి.

మరి అసలు ఇక్కడే ఎందుకు కోట? మీరు ధనోడా వైపు నుంచి బస్సులో వచ్చి ఉంటే చూసుంటారు, అటు అంతా బేరార్ నల్లరేగడి, పత్తి చేలు, చదును. పెన్‌గంగ దాటగానే గుట్టలు మొదలు, టేకు అడవి మొదలు. బేరార్ నుంచి తెలంగాణ పోవాలన్నా, గోండ్వానా నుంచి దక్కన్‌లోకి దిగాలన్నా ఈ నది రేవు దాటాలి, ఈ గుట్టల సందులోంచి పోవాలి. పైన కూర్చున్నోడికి లోయంతా అరచేతిలో ఉన్నట్టు కనబడుతది. దండు వస్తుంటే దుమ్ము ఒక పూట ముందే తెలుస్తుంది. అంతే, ఇంకేం కావాలి.

అందుకే ప్రతివాడికీ ఇది కావాల్సొచ్చింది. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా 1425 ప్రాంతంలో దండెత్తి వచ్చి ఇక్కడి దొరని లొంగదీసుకున్నాడు. ఆ తర్వాతది మనకి ఇంకా దగ్గరి ముచ్చట. 1455, 56లో నల్లగొండలో జలాల్ ఖాన్ అనే సర్దారు, ఆయన కొడుకు సికందర్ ఖాన్ తిరగబడ్డారు. నల్లగొండ అంటే మన నల్లగొండే. సికందర్ ఏం చేశాడు, మాహూర్ వైపు వచ్చి మాళ్వా సుల్తాన్ మహమూద్ ఖిల్జీకి కబురు పెట్టాడు, ఇక్కడ సుల్తాన్ పని అయిపోయింది నువ్వొచ్చెయ్ అని. ఆ ఖిల్జీ నిజంగానే దండుతో మాహూర్ దాకా వచ్చి కూర్చున్నాడు. తీరా బహమనీ సుల్తాన్ అల్లావుద్దీన్ బతికే ఉన్నాడు, పైగా స్వయంగా దండు తీసుకుని వస్తున్నాడు అని తెలిసేసరికి వచ్చిన దారినే వెనక్కి పోయాడు. నల్లగొండ వైపు తండ్రీకొడుకుల పని చూడమని పంపించింది ఎవరిననుకున్నారు, మహమూద్ గవాన్‌ని, బీదర్‌లో మదర్సా కట్టించినాయన. యుద్ధం కన్నా మాటలతోనే వాళ్ళని దింపాడు.

ఆ గవానే తర్వాత పెద్ద వజీరు అయ్యి రాజ్యంలో తరఫులు, అంటే రాష్ట్రాల్లాంటివి, నాలుగు ఉంటే ఎనిమిది చేశాడు, బేరార్‌ని రెండుగా కోసి గావిల్ ఒకటి, మాహూర్ ఒకటి. అంటే మన మాహూర్ ఒక రాష్ట్ర రాజధాని లాంటిది అన్నమాట. పైగా ఇంకో రూల్ పెట్టాడు, ఒక తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటే ఉండాలి, మిగతా కోటలకి కిల్లేదార్లని సుల్తానే పెడతాడు అని. సర్దార్లకి అది గొంతులో ముల్లయ్యింది. దొంగ ఉత్తరం సృష్టించి 1481లో గవాన్ తల తీయించారు. అప్పుడు మాహూర్ తరఫ్‌దారుగా ఉన్న ఖుదావంద్ ఖాన్ హబ్షీ, గావిల్‌లో ఉన్న ఫతుల్లా ఇమాదుల్ముల్క్, వీళ్ళిద్దరూ మాత్రం సుల్తాన్ ముఖం కూడా చూడం అని దండుతో సహా విడిగా గుడారాలేసుకుని కూర్చున్నారు. ఫతుల్లా 1490లో బేరార్‌కి తనే సుల్తాన్ అయిపోయాడు.

తర్వాత 1574లో అహ్మద్‌నగర్ వాళ్ళు బేరార్‌ని మింగారు, 1596లో చాంద్ బీబీ దాన్ని అక్బర్‌కి వదిలేయాల్సొచ్చింది. మీ మరిది చెప్పిన నిజాం 1724 తర్వాత గానీ రంగంలోకి రాడు. అప్పటికి కోట ముసలిదై పోయింది.

చిన్నోడు ఇంత వినడు లెండి. "అందరూ కట్టారు, ఎవ్వరూ మిగల్లేదు" అని చెప్పండి చాలు.

ప్రశ్న: సార్, మా తాత మాహూర్ అంటే "మా ఊరు" అనేవాడు, మరాఠీ వాళ్ళకి పలకరాక మాహూర్ అయ్యిందట. మా ఆఫీసులో చెప్తే నవ్వారు. నిజమేనా?
(ఆదిలాబాద్)

జవాబు: తమ్ముడూ, ఆఫీసులో వాళ్ళు మరీ అంత నవ్వాల్సిన పని లేదు. పాత పేరు మాతాపూర్, తల్లి ఊరు. జమదగ్నిని కార్తవీర్యుడు చంపాక పరశురాముడు కావడిలో తండ్రి దేహం ఒక వైపు, తల్లి రేణుకని ఒక వైపు పెట్టుకుని తిరిగి తిరిగి ఇక్కడ దింపాడని, ఇక్కడే దహనం చేశాడని, తర్వాత తల్లి కోసం ఏడిస్తే భూమిలోంచి ఆమె ముఖం వరకే పైకి వచ్చిందని కథ. అందుకే గర్భగుడిలో ముఖమే ఉంటుంది. మాతాపూర్‌లో పూర్ పోయి ఊర్ వచ్చి మాహూర్ అయ్యిందని మరాఠీ వాళ్ళే కొందరు చెప్తారు. ఊరు అనే మాట అటు వైపు కొత్తదేం కాదు, లాతూర్ ఉంది కదా, దాని పాత పేరు లట్టలూరు, రాష్ట్రకూటులు తమ బిరుదుల్లో చెప్పుకున్న ఊరు. మన దేగ్లూర్ సరేసరి. కాబట్టి మీ తాత మాటలో "ఊరు" కరెక్ట్, "మా" దగ్గరే కొంచెం ప్రేమ ఎక్కువైంది.

ఇంకోటి, మీ ఇంట్లో ఎవరైనా అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం చదువుతారా? "కొల్హాపురే మహాలక్ష్మీ మాహుర్యే ఏకవీరికా". ఆ మాహుర్యే అంటే ఇదే. మరాఠీ వాళ్ళ లెక్కలో వాళ్ళకి మూడున్నర శక్తిపీఠాలు, కొల్హాపూర్, తుల్జాపూర్, మాహూర్, అరపీఠం సప్తశృంగి. మన లెక్కలో పద్దెనిమిది. రెండు లెక్కల్లోనూ ఉన్న ఊర్లలో ఇదొకటి. ఏకవీర మనకేం పరాయిది కాదు. కాకతీయుల ఓరుగల్లులో ఏకవీర గుడి ముందు బవనీలు అనే పాటగాళ్ళు పరశురాముడి కథలు పాడేవాళ్ళు. ఇప్పుడు మన ఊర్లలో ఎల్లమ్మ పండగకి బైండ్లోళ్ళు జమిడిక పట్టుకుని చెప్పేది కూడా అదే కథ. రేణుకే ఎల్లమ్మ. అందుకే మన ఆడోళ్ళు మాహూర్ గుడిలోకి పోతే పుట్టింటికి పోయినట్టు పోతారు, మరాఠీ ఒక్క ముక్క రాకపోయినా.

ప్రశ్న: షాజహాన్ మాహూర్ కోటలో దాక్కున్నాడు అని మా ఊరి గైడు ఒకాయన చెప్పాడు. తాజ్‌మహల్ షాజహానా? మా అడవికి ఆయన ఎందుకొస్తాడు అన్నా. పందెం కాశాం, వంద రూపాయలు.
(ధర్మాబాద్)

జవాబు: వంద ఇచ్చేయండి. కాకపోతే "దాక్కున్నాడు" అనేది సగం నిజం, యాభై బేరం ఆడి చూడండి.

అప్పటికి ఆయన షాజహాన్ బాద్షా కాదు, ఖుర్రం, తండ్రి జహంగీర్ మీద తిరగబడ్డ కొడుకు. 1622లో కాందహార్ పొమ్మంటే పోలేదు, అక్కడ మొదలైంది గొడవ. 1623లో ఢిల్లీ దగ్గర బిలోచ్‌పూర్‌లో ఓడిపోయి మాండూ, అక్కడ నుంచి బుర్హాన్‌పూర్, వెనక మహాబత్ ఖాన్ తరుముతూనే ఉన్నాడు, వానాకాలం, తాపీ నది పొంగి ఉంది, అందులోనే దాటుకుని మాహూర్ చేరాడు. ఇక్కడ ఉన్నది ఉదాజీ రాం అనే బ్రాహ్మణ సర్దారు, ఉదారాం అని కూడా అంటారు. ఖుర్రం తన ఏనుగుల్ని, బరువు సామానంతా మాహూర్ కోటలో ఆయన దగ్గర వదిలేసి తేలికగా ముందుకి కదిలాడు.

ముందుకి అంటే ఎటు? ఇదీ అసలు ముచ్చట. గోల్కొండ రాజ్యంలోంచి, మన తెలుగు నేల మీదుగా మచిలీపట్నం, అక్కడ నుంచి ఒడ్డు పట్టుకుని ఒడిశా, తర్వాత బెంగాల్. ముంతాజ్ కూడా వెంటే ఉంది. గోల్కొండలో అప్పుడు సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా, ఆయన ఇటు ఢిల్లీకి కోపం రాకుండా, అటు రేపు బాద్షా అయ్యే కుర్రాడికి కోపం రాకుండా, పోనిచ్చాడు, పెద్దగా సాయం చేయలేదు. 1626లో ఖుర్రం లొంగిపోయి కొడుకులు దారా, ఔరంగజేబులని తాత దగ్గరికి జామీనుగా పంపాడు, 1628లో తనే బాద్షా.

ఏనుగుల్ని కోటలో ఎందుకు వదిలాడంటారా, ఒక్క ఏనుగుకి రోజుకి ఎంత మేత కావాలో లెక్కేయండి, పైగా అడవి దారిలో వానలో వాటిని తోలుకుంటూ పరిగెత్తలేడు. ఇప్పుడు కోటలో హాథీ దర్వాజ అని ఒకటి చూపిస్తారు. దాని కింద నిలబడి తల ఎత్తి చూస్తే ఏనుగు అంబారీతో సహా పట్టేంత ఎత్తు. ఆ పేరు ఖుర్రం ఏనుగుల వల్ల వచ్చింది అని ఎవరైనా గైడు చెప్తే ఆ మాట నాది కాదు, చాలా కోటల్లో పెద్ద దర్వాజకి ఆ పేరే ఉంటుంది. ఆ పేరు మీద ఇంకో వంద పందెం కాయకండి.

ప్రశ్న: మాహూర్ నుంచి ఒక ఆడమనిషి శివాజీ మీద యుద్ధానికి పోయిందని మా కాలేజీలో మరాఠీ మేడం అన్నారు. పేరు మర్చిపోయా, అడగాలంటే సిగ్గు.
(బల్లార్‌షా నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: రాయ్ బాగన్ అమ్మా. అసలు పేరు సావిత్రిబాయి, పైన చెప్పిన ఉదారాం ఇంటి మనిషే, మాహూర్ దేశ్‌ముఖులు. ఇంట్లో మగవాళ్ళు యుద్ధాల్లో పోయాక తనే కత్తి పట్టి మొఘలుల తరఫున దండు నడిపింది, రాయ్ బాగన్ అనేది వాళ్ళిచ్చిన బిరుదు, ఆడ రాచపులి అని.

1661లో మొఘల్ సుబేదారు శాయిస్తా ఖాన్ పుణెలో కూర్చుని కార్తలబ్ ఖాన్ అనే సర్దారుని కొంకణ్ పొమ్మని పంపించాడు, వెంట రాయ్ బాగన్. సహ్యాద్రిలో ఉంబర్‌ఖిండ్ అని ఒక సన్నటి లోయ, రెండు వైపులా కొండ, మనిషి వెనక మనిషి నడవాలి. దండంతా లోపలికి దిగాక శివాజీ మనుషులు రెండు కొసలూ మూసేశారు. పైనుంచి రాళ్ళు, బాణాలు, తుపాకులు, కింద నీళ్ళు లేవు. అప్పుడు ఈమె ఖాన్‌తో అన్నమాట ఏంటంటే, సింహం ఉన్న అడవిలోకి దండుని తెచ్చి తప్పు చేశావు, ఇప్పుడు పౌరుషానికి పోయి అందర్నీ చంపకు, లొంగిపో అని. లొంగిపోయాడు. సామానంతా వదిలేసి ప్రాణాలతో బయటపడ్డారు.

నాకు ఆమె ఎందుకు నచ్చుతుందంటే, గుట్టల్లో బతికిన మనిషికి సన్నదారి అంటే ఏంటో తెలుసు, మాహూర్ కోట కాపాడిందే ఆ లెక్క మీద కదా. ఖాన్‌కి అది మ్యాపులో గీత. అడగడానికి సిగ్గేం పడకు, పోయి మేడంకి ఇది చెప్పు, ఇంకా ఏమైనా చెప్తారు.

ప్రశ్న: కోటలో ఖజానా ఉందంటారు. మా ఫ్రెండు ఒకడు మెటల్ డిటెక్టర్ కొందాం అంటున్నాడు. ఆన్‌లైన్‌లో పన్నెండు వేలు.
(భోకర్)

జవాబు: వద్దు. దొరికినా గవర్నమెంటుది, తవ్వితే కేసు మీది.

ఖజానా ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ ప్రతి సుబా, అంటే ప్రతి రాష్ట్రం, గురించి రాయించినప్పుడు మాహూర్ గురించి ఏం రాశారో తెలుసా, గుట్ట మీద గట్టి కోట, పక్కన దుర్గ గుడి, ఇక్కడి బర్రెలు మంచి జాతివి, అరమణుగు పైన పాలిస్తయి అని. అప్పటి మణుగు మన లెక్కలో దాదాపు 25 కిలోలు, అంటే ఒక్కో బర్రె 12 కిలోలకి పైనే. మా పక్కింటాయన బర్రె రెండు పూటలా కలిపి ఆరు లీటర్లు దాటితే వీధంతా పిలిచి చూపిస్తాడు. కాబట్టి మీ ఫ్రెండుని ఆ పన్నెండు వేలు పెట్టి దాణా కొనమనండి.

ప్రశ్న: సార్, ఒక పాత దస్తావేజులో మా తాత ఊరు "కిన్వట్ తాలూకా, జిల్లా ఆదిలాబాద్" అని ఉంది. అచ్చుతప్పా? మాహూర్ కూడా ఆదిలాబాద్‌లో ఉండేదా?
(ఇస్లాపూర్)

జవాబు: అచ్చుతప్పు కాదు, ఆ కాగితం జాగ్రత్త పెట్టుకోండి. హైదరాబాద్ స్టేట్‌లో కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే, మాహూర్ ఆ తాలూకాలోదే. 1956 నవంబర్ 1న భాషని బట్టి రాష్ట్రాలు విడగొట్టినప్పుడు కిన్వట్ నాందేడ్‌లోకి పోయింది, రాజురా కూడా అటే పోయింది, నాందేడ్ నుంచి ముధోల్ ఆదిలాబాద్‌కి వచ్చింది. ముధోల్‌లో ఏముంది, బాసర. అంటే అటు రేణుకమ్మని ఇచ్చి ఇటు సరస్వతమ్మని తెచ్చుకున్నట్టు లెక్క. నాందేడ్ ముందు బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర.

దానికి ముందు ఇంకో గీత కూడా ఉంది. 1853లో నిజాం బేరార్‌ని ఇంగ్లీషోళ్ళ చేతికి అప్పజెప్పాడు, అప్పుడు హద్దు పెన్‌గంగ. అవతల ఒడ్డు ఇంగ్లీషు పాలన, ఇవతల ఒడ్డు నిజాం. ఒకప్పుడు రెండు ఒడ్ల మీదా పెత్తనం చేసిన కోట, ఒక రాజ్యం చివర్లో మూలన పడింది. కోట ఎందుకు కూలింది, ఫిరంగులు పేల్చారా అని ఇంకో నలుగురు అడిగారు కదా, వాళ్ళకీ ఇదే జవాబు. ఎవరూ పేల్చలేదు, పని లేకుండా పోయింది. కావలి పెట్టాల్సిన అవసరం లేదు అనగానే ఏడాదికోసారి సున్నం వేసేవాళ్ళు పోయారు. సున్నం పోయిన సందులో కాకి వేసిన రావి గింజ మొలుస్తది, మొదటి ఏడాది రెండాకులు, పదేళ్ళకి మీ మణికట్టంత వేరు, అది రాయిని రాయిని మెల్లగా విడదీస్తది, ఫిరంగి గుండు కన్నా గట్టిది. కాలవలు పూడితే నీళ్ళు గోడ వెనక నిలుస్తయి, ఒక వానాకాలం రాత్రి గోడ కడుపు ఉబ్బి ముందుకి పడుతది. కూలిన రాళ్ళు కింద జనం ఇళ్ళకి, గట్లకి తెచ్చుకుంటారు. నేను తప్పు పట్టను, చెక్కిన రాయి ఊరికే పడి ఉంటే ఎవరు వదులుతారు.

ప్రశ్న: పిల్లలతో పోవచ్చా? ఎంత టైం పడుతుంది?
(కిన్వట్, భోకర్, ఇంకా చాలామంది)

జవాబు: పోవచ్చు, వానాకాలం అయిపోయాక. కిన్వట్ దాకా రైలు ఉంది, ముద్‌ఖేడ్ ఆదిలాబాద్ లైను, అక్కడ నుంచి బస్సు. పొద్దున్నే కోట ముందు చూసుకోండి, తర్వాత గుడి. అందరూ తిరగేసి పోతారు, దర్శనం క్యూలో నిలబడి మధ్యాహ్నం అయ్యాక ఎండలో కోట ఎక్కుతారు, సగంలోనే "చూసింది చాల్లే" అని దిగిపోతారు. గుడి నుంచి దత్త శిఖరం, అనసూయ గుట్ట కూడా చూడాలంటే రాత్రి ఉండాల్సిందే.

నీళ్ళు తీసుకెళ్ళండి, పైన కొనుక్కోవడానికి లేదు, ఇజాళా చెరువు నీళ్ళు చూడ్డానికే. బూట్లు వేసుకోండి. ఇది నేను ఊరికే చెప్పట్లేదు. ఏడెనిమిదేళ్ళ కింద మే నెలలో, రబ్బరు చెప్పులతో, ఒక్క బాటిల్‌తో పోయా, కుర్రోణ్ణి అనుకున్నా. మహాకాళి బురుజు దాకా బాగానే పోయా. అక్కడ నుంచి కూలిన కొట్టు లోపల చూద్దామని గడ్డి మీద కాలు పెడితే గడ్డి కింద ఏమీ లేదు, మోకాలి దాకా దిగిపోయింది, పిక్క అంతా గీరుకుపోయి చెప్పు లోపలే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉండుంటది, ఐదు వందల ఏళ్ళ తర్వాత ఎవడైనా తవ్వితే ఇది ఏ రాజుది అని చూస్తాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి కండువా చుట్టుకుని దిగా. కింద ఒకామె రోట్లో తాంబూలం దంచుతోంది, అమ్మవారికి నైవేద్యం పెట్టేది, తమలపాకు వక్క కాచు అన్నీ కలిపి మెత్తగా. టక్ టక్ అని ఆ వీధంతా అదే చప్పుడు. నా కాలు చూసి ఏమీ అడగలేదు, ఒక ముద్ద చేతిలో పెట్టి మరాఠీలో "పైకి పోయొచ్చావా, ముందు అమ్మని చూడాల్సింది" అన్నది. పక్కనున్న ముసలాయన తెలుగులో అందుకున్నాడు, కుంటాల నుంచి వచ్చాడట, "చెప్పులు పోతే దరిద్రం పోయినట్టే సారూ, రెండోది కూడా ఈడనే ఇడిసిపో" అని.

విడిచే వచ్చా.